కిలో ఎంతో రాసి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లను మనవాళ్లు మొదట అడిగేది అక్కడి ధరల గురించే. కిలో కందిపప్పు ఎంత, లీటరు పాలు ఎంత, కొత్తిమీర కట్ట ఎంత అంటారు. చెప్పగానే వందతో హెచ్చవేసి నోరు వెళ్లబెడతారు. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో స్టట్‌గార్ట్ దగ్గర ఉంటారు. మనవరాలు పుట్టినప్పుడు నేనూ నా భార్యా వెళ్లి కొన్ని నెలలు వాళ్లతోనే ఉన్నాం. ఇంటికి సరుకులు తెచ్చే పని నేనే అడిగి తీసుకున్నాను. తాడేపల్లిగూడెంలో మా నాన్నగారు పెట్టిన కిరాణా కొట్టును ఆయన తర్వాత నేను నడిపాను. బతుకంతా కాటా వెనక నిలబడినవాడికి పరాయి దేశంలో సరుకులు ఎలా అమ్ముతారో చూడటం కన్నా ఆసక్తి మరొకటి ఉండదు. అన్నీ చూసి వచ్చాక ధరల కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి నా మనసులో నిలిచిపోయింది. అక్కడ కొనేవాడి కంటికి ఎదురుగా కనపడేది, ఇక్కడ ఎంత వెతికినా కనపడనిది ఒకటుంది. ప్యాకెట్ సరుకు కిలో ఎంత పడుతుందో చెప్పే చీటీ అది. దాని కోసమే ఈ ఉత్తరం.

ముందు ఆ వందతో హెచ్చవేసే లెక్క సంగతి చెబుతాను. అక్కడి భారతీయ దుకాణంలో కిలో కందిపప్పు నాలుగు యూరోలకు కాస్త అటూ ఇటూగా ఉంది. మన డబ్బులో నాలుగు వందలు. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ 2025లో జర్మనీ చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి కూడా ఇరవై నిమిషాల లోపు పనితో కిలో పప్పు కొనుక్కోగలడు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2025-26కు ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కందిపప్పు కిలో నూట ఇరవైకి దొరికిందనుకున్నా, మూడు గంటలు ఎండలో తట్ట మోస్తే గాని ఆ కిలో పప్పు ఇంటికి రాదు. ప్రతి రూపాయీ ఎవరికి బరువో, ఏ సరుకు ఎంత పడుతోందో వాళ్లకే అందరికన్నా తేటగా తెలియాలి. మన దగ్గర సరిగ్గా వాళ్లకే తెలియడం లేదు.

మా అమ్మాయి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఆల్డి దుకాణం ఉంది. నూరేళ్ల కిందట ఎసెన్ నగరంలో ఒక కుటుంబం నడుపుకున్న చిన్న కొట్టు నుంచి పుట్టిన సంస్థ అది. ఆ ఇంటి కొడుకులు కార్ల్, థియో ఆల్‌బ్రెక్ట్ అనే అన్నదమ్ములు దాన్ని ఇంత చేశారని అల్లుడు చెబితే, తోటి వర్తకుల కథ విన్నట్టు విన్నాను. సరుకు వచ్చిన అట్టపెట్టెల ముందు భాగం కోసి, వాటిని అలాగే అరల్లో పెట్టేస్తారు. ఒక్కొక్క ప్యాకెట్ తీసి సర్దే మనుషుల ఖర్చు మిగులుతుంది. గల్లా దగ్గర కూర్చున్న అమ్మాయి చేతివేగం చూస్తే ముచ్చటేసింది. కూర్చున్న అని రాశాను, గమనించండి. అక్కడ బిల్లు వేసేవాళ్లకు కుర్చీ ఉంటుంది. మన సూపర్ మార్కెట్లలో ఆడపిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలువుకాళ్ల మీదే ఉంటారు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించాయి. మన రెండు ప్రభుత్వాలూ ఆ పని చేయాలి. ఇది వేరే ఉత్తరానికి సరిపడే విషయం గనక ఇక్కడితో ఆపుతాను.

అసలు సంగతి అర అంచున ఉంటుంది. ప్రతి సరుకు కింద ఒక చీటీ. దాని మీద సరుకు పేరు, ప్యాకెట్ ధర పెద్ద అంకెల్లో, ఆ కిందనే కిలో ఎంత పడుతుందో లేదా లీటరు ఎంత పడుతుందో. ప్యాకెట్‌లో నలభై గ్రాములున్నా, 375 గ్రాములున్నా, కిలోన్నర ఉన్నా చీటీ మాత్రం కిలో లెక్కే చెబుతుంది. ఈ ఏర్పాటు దుకాణదారు దయాదాక్షిణ్యాల మీద లేదు. యూరోపియన్ యూనియన్ 1998లోనే దీని మీద ఆదేశం ఇచ్చింది. జర్మనీ తన ధరల ప్రకటన నియమాలను 2022లో ఇంకా బిగించింది. అంతకు ముందు చిన్న ప్యాకెట్లకు వంద గ్రాముల ధర రాసుకునే వెసులుబాటు ఉండేది. ఆ ఏడాది మే నెలాఖరు నుంచి దాన్ని తీసేసి, కిలో లేదా లీటరు ధరే రాయాలన్నారు. అందరికీ ఒకే కొలత ఉంటేనే పోల్చుకోవడం కుదురుతుందన్న చిన్న విషయాన్ని వాళ్లు అంత పట్టుదలగా పాటించారు.

దాని వల్ల ఉపయోగం ఏమిటో పసుపు దగ్గర నాకు బాగా తెలిసింది. ఇంట్లో పసుపు అయిపోయిందని మసాలాల అర దగ్గరికి వెళ్లాను. చిన్న గాజు సీసా, లోపల 40 గ్రాములు, ధర 2.49 యూరోలు. రెండున్నర యూరోలే కదా అని ఎవరైనా బుట్టలో వేసుకుంటారు. కింద చీటీ మీద కిలో 62.25 యూరోలని ఉంది. దుగ్గిరాల పసుపు బస్తాల లెక్కన తెచ్చి అమ్మినవాడిని, ఆ అంకె చూసి సీసా అక్కడే పెట్టేశాను. మర్నాడు భారతీయ దుకాణంలో 400 గ్రాముల పొట్లం 3.99కి దొరికింది. కిలోకు పది యూరోలు కూడా పడలేదు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు జర్మన్ భాష రావలసిన పని లేకపోయింది. కాగితం, పెన్సిలు, ఫోనులో లెక్కల మీట, ఏవీ అక్కరలేకపోయాయి. అంకెలు చదవగలిగితే చాలు. అదే దుకాణంలో కరివేపాకు 50 గ్రాముల పొట్లం 1.99 అంటే కిలో 39.80 యూరోలని చీటీ చెప్పింది. మన దగ్గర కూరగాయలు కొంటే కొసరుగా వేసే రెబ్బలు! ఆ ధర తెలిసి కూడా కొన్నాం, పోపులో కరివేపాకు లేకుండా మా ఆవిడకు సాగదు గనక. తెలిసి ఖర్చు పెట్టడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

వారానికి మూడు రోజులు స్టట్‌గార్ట్ నడిబొడ్డున సంత జరుగుతుంది. చుట్టుపక్కల రైతులు తెచ్చిన కూరగాయలు, కొసగా మొనదేలిన అక్కడి క్యాబేజీ, ఆపిల్ పళ్లు. ప్రతి గుట్ట ముందూ పలక మీద కిలో ధర. కాటా అంకెలు కొనేవాడి వైపు. అక్కడ నిలబడితే నాకు మా ఊరి రైతుబజారే గుర్తుకొచ్చింది.

మన దగ్గర కిలో ధర రాసి పెట్టే పద్ధతి ఎవరో నేర్పవలసింది కాదు. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ ద్వారం దగ్గర బోర్డు ఉంటోంది. వంకాయ, బెండ, దొండ, టమాటా, ఉల్లి అన్నీ వరసగా తెలుగులో, పక్కన కిలో ఇంత అని. చదువు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు కూడా ఆ బోర్డు చూసి, సంచీ విప్పి, నేరుగా కావలసిన గుట్ట దగ్గరికి వెళతారు. మా కొట్లోనూ అంతే. విడి సరుకు అమ్మినంత కాలం బస్తా మూతి దగ్గర అట్టముక్క గుచ్చేవాళ్లం. మినప్పప్పు కిలో ఇంత, శనగపప్పు కిలో ఇంత. ముసలమ్మ వచ్చి పావుకిలో అడిగినా ఆమె మనసులో కిలో ధర ఉండేది. నిన్న ఇంత, ఇవాళ ఇంత, ఎందుకు పెరిగిందని నిలదీసేది. నిలదీయడం ఆమె హక్కు. జవాబు చెప్పడం నా పని. ప్యాకెట్లు వచ్చి ఆ కిలో ధరను మింగేశాయి. ఇప్పుడు కొనేవాళ్ల మనసులో మిగిలింది ప్యాకెట్ ధర ఒక్కటే. ప్యాకెట్‌లో సరుకు తగ్గినా ధర అదే ఉంటే, పెరగలేదనే అనుకుంటారు.

ఐదు రూపాయల బిస్కెట్ల పొట్లం దీనికి పాత సాక్షి. నేను కొత్తగా కొట్లో కూర్చున్న రోజుల్లో చేతికి నిండుగా ఉండేది. ధర మారలేదు, పొట్లమే ఏటా కొంచెం కొంచెం పలచబడింది. స్కూలు పిల్లలు కొనుక్కునే వస్తువు గనక ఎవరూ అడగలేదు. ఫ్రాన్స్‌లో ఇలాంటి పనికి 2024 జూలై నుంచి ఒక నిబంధన వచ్చింది. ధర తగ్గించకుండా సరుకు తగ్గిస్తే పెద్ద దుకాణాలు ఆ సంగతి అర దగ్గర రెండు నెలల పాటు రాసి పెట్టాలి. తగ్గించవద్దని వాళ్లు అనలేదు, దాచవద్దన్నారు. ఎంత న్యాయమైన మాట!

ఎవరైనా అనవచ్చు, మన దగ్గరా యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ఆ ధర, అచ్చు వేయాలన్న నియమం ఉంది కదా అని. ఉంది. ప్యాకెట్ సరుకుల నియమాలను కేంద్రం 2021లో సవరించి ఆ నిబంధన తెచ్చింది. ప్యాకెట్ తిప్పి చూడండి, ఎమ్మార్పీ పక్కన నువ్వుగింజంత అక్షరాలతో ఉంటుంది. కానీ అందులో ఏముందో ఒకసారి శ్రద్ధగా చదవాలి. కిలో కన్నా తక్కువ తూగే ప్యాకెట్‌కు గ్రాము ధర రాయాలి, కిలో దాటితే కిలో ధర రాయాలి. అంటే 900 గ్రాముల ప్యాకెట్ మీద ఒక లెక్క, పక్కనే ఉన్న 1.2 కిలోల ప్యాకెట్ మీద ఇంకో లెక్క. రెండూ పోల్చుకోవాలంటే కొనేవాళ్లే వెయ్యితో హెచ్చవేసుకోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. దీని మీద ఎవరూ మాట్లాడటం నేను వినలేదు గనక కాస్త వివరంగా రాస్తాను. ఆ గ్రాము ధరను రూపాయల్లో, రెండు దశాంశ స్థానాలకు సవరించి రాయాలన్నారు. అరకిలో కందిపప్పు ప్యాకెట్లు రెండున్నాయి అనుకుందాం. ఒకటి 63 రూపాయలు, రెండోది 67. మొదటిది గ్రాముకు 12.6 పైసలు, సవరిస్తే 13 పైసలు. రెండోది గ్రాముకు 13.4 పైసలు, సవరిస్తే అదీ 13 పైసలే. రెండు ప్యాకెట్ల మీదా గ్రాము 0.13 రూపాయలనే ఉంటుంది. నిజానికి ఒకటి కిలో 126, ఇంకొకటి కిలో 134. కిలోకు ఎనిమిది రూపాయల తేడా చట్టబద్ధంగా మాయమైపోయింది! గ్రాము దగ్గర ఒక్క పైసా అంటే కిలో దగ్గర పది రూపాయలు. పప్పు, చక్కెర, పిండి, రవ్వల వ్యాపారమంతా ఆ పది రూపాయల లోపలే నడుస్తుంది. రెండు కొట్లకు మధ్య, రెండు కంపెనీలకు మధ్య ఉండే తేడా అంతే. కొనేవాడికి చూపించవలసిన తేడాను చూపించలేని కొలతను ఎంచుకుని, చూపించామని చెప్పడం ఏమి న్యాయం? మంచి ఉద్దేశంతో చేసిన నియమమే అని నేను నమ్ముతున్నాను. దాన్ని సరిదిద్దడం ఒక్క వాక్యం మార్చినంత పని. గ్రాము తీసేసి కిలో పెట్టాలి.

ఆ సవరణతోనే ఇంకో మార్పు జరిగింది. అంతకు ముందు బిస్కెట్లు, టీ పొడి, వంటనూనె, ఉప్పు, సబ్బు, పప్పుదినుసుల వంటి వాటిని ఏ ఏ పరిమాణాల్లో ప్యాక్ చేయాలో నియమాల్లో పట్టిక ఉండేది. యూనిట్ ధర వస్తోంది గనక ఆ పట్టిక అక్కరలేదని తీసేశారు. దాని ఫలితం నూనె దగ్గర చూడాలి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇప్పుడు అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న సంచుల్లో 850 గ్రాములు, 800 గ్రాములు వస్తున్నాయి. కొనేవాళ్లు లీటరు ప్యాకెట్ అనే అడుగుతారు, ఇచ్చేవాళ్లు ఏదో ఒకటి ఇస్తారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది గనక, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని అచ్చు వేసి బరువు తగ్గించిన కంపెనీలు కూడా ఉండేవి. ఉష్ణోగ్రత మాట లేకుండా నికర పరిమాణం, బరువు రాయమని 2022లో కేంద్రం చెప్పవలసి వచ్చింది. పట్టిక తీసేయడాన్ని నేను తప్పు పట్టను. తీసేశాక కొనేవాడి చేతిలో మిగిలిన ఆయుధం యూనిట్ ధర ఒక్కటే గనక, దాన్ని పదునుగా ఉంచాలని మాత్రం గట్టిగా అంటాను.

బియ్యం బస్తా సంగతి మీ పాఠకులకు తెలిసిందే. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి పేరు అచ్చువేసిన బియ్యం మీద ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. ఆ పై బరువుకు పన్ను లేదు. వెంటనే మార్కెట్లో 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను తప్పింది, సంతోషమే. కానీ పాత 25 కిలోల బస్తా ధరతో కొత్త 26 కిలోల బస్తా ధరను పోల్చి, ఎంత పెరిగిందో నోటి లెక్కన చెప్పగలిగే గృహిణులు ఎందరు? బస్తా మీద కిలో ఇంత అని రాసి ఉంటే ఆ బాధే లేదు.

జర్మనీలో ఉన్నదంతా గొప్ప, ఇక్కడున్నదంతా తక్కువ అని చెప్పడానికి నేను కలం పట్టలేదు. ఎమ్మార్పీ మన దేశం చేసుకున్న మంచి ఏర్పాటు. అక్కడ అది లేదు. దుకాణం ఎంత రాస్తే అంత. రైల్వే స్టేషన్‌లో నీళ్ల సీసాకు ఎంత అడుగుతారో చూస్తే మన ఎమ్మార్పీ విలువ తెలుస్తుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం పాలు మరిచిపోయిన ఇంటికి సోమవారం పొద్దున దాకా ఇబ్బందే. అక్కడి కొట్లో పది రూపాయల నూనె అడగలేరు. మా కొట్టుకు సాయంత్రం ఆరు దాటాక కూలి డబ్బు చేతిలో పట్టుకుని వచ్చేవాళ్లు. పావుకిలో పప్పు, కొంచెం నూనె, రెండు రూపాయల పోపు గింజలు, పిల్లవాడికి ఒక బెల్లం ముక్క. ఆ పొట్లాలు కట్టినందుకు నాకు లాభం అంతంతే. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. వర్షాల్లో పనులు లేనప్పుడు పద్దు పుస్తకంలో రాసుకుని ఇచ్చాం. పంట చేతికి వచ్చాక చాలామంది తీర్చారు, కొందరు తీర్చలేదు. కొట్టు నిలబడింది. అక్కడ పెద్ద పెద్ద దుకాణాల్లో నాకు ఇలాంటి ఆసరా కనపడలేదు. మన చిన్న కిరాణా కొట్లు ఉండాలి. అవి ఉండాలన్నా కిలో ధర బయటికి రావాలన్నది నా వాదన. ప్యాకెట్ వెనక దాగిన ధరల్లో చిన్న కొట్టువాడి నిజాయితీ కూడా ఎవరికీ కనపడదు.

నన్ను అన్నిటికన్నా నొప్పించిన సంగతి ఇక చెబుతాను. స్టట్‌గార్ట్‌లోని ఆ భారతీయ దుకాణంలో కందిపప్పు ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను. మన దేశంలో నింపి ఎగుమతి చేసిన సరుకు. దాని వెనక తెల్లటి చీటీ ఒకటి అతికించి ఉంది. సరుకు పేరు, నికర బరువు, ఏ తేదీలోగా వాడాలి, ఎలా నిలవ చేయాలి, దిగుమతి చేసిన వ్యాపారి చిరునామా, అంతా జర్మన్ భాషలో. అల్లుడు వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివి అర్థం చెప్పాడు. అక్కడి జనానికి అర్థమయ్యే భాషలో వివరాలు లేకుండా ఆహార పదార్థం అమ్మకూడదన్నది యూరప్ నియమం. మన పప్పు జర్మనీ వెళితే జర్మన్ నేర్చుకుంటోంది. అదే పప్పు తాడేపల్లిగూడెంలో అమ్మితే తెలుగు అక్కరలేదు! మన నియమాల ప్రకారం ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. వేరే భాష అదనంగా వేసుకుంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ పప్పును తాండూరులో అమ్మే పొట్లం మీద కూడా తెలుగు తప్పనిసరి కాదు.

కొట్లో ఎన్నోసార్లు నా ముందు జరిగింది ఇది. పెద్దవాళ్లు ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, నా చేతికిచ్చి, "ఇది ఎప్పటిదో కాస్త చూసి చెప్పు బాబూ" అనేవాళ్లు. నేను చదివి చెప్పేవాణ్ణి. సూపర్ మార్కెట్లో అలా అడగడానికి మనిషి ఉండడు. ఉన్నా, అడగడానికి వాళ్లకు మొహమాటం. తమ డబ్బుతో తాము కొనుక్కునే తిండి మీద ఏముందో తెలుసుకోవడానికి మన పెద్దవాళ్లు ఎందుకు చిన్నబోవాలి? మన ఊళ్ల పాల ప్యాకెట్ల మీద చక్కగా తెలుగు అచ్చు వేస్తున్నారు. యంత్రాలకు తెలుగు అక్షరాలు పడవన్న సాకు చెల్లదు.

జర్మనీ నుంచి వచ్చాక మా కొట్టులో ఒక పని చేశాం. కొట్టు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. వాడితో కూర్చుని అరలో ఉన్న ప్యాకెట్లకు లెక్క కట్టి, పాత క్యాలెండర్ అట్టలు కోసి, నల్ల స్కెచ్ పెన్నుతో తెలుగులో కిలో ధర రాసి అంచున అతికించాం. టీ పొడి దగ్గర పది రూపాయల పొట్లంలో 30 గ్రాములుంటే, కిలో 333 పడింది. అదే కంపెనీ పావుకిలో ప్యాకెట్ 95 రూపాయలు, కిలో 380. పెద్ద ప్యాకెట్ కొంటే కలిసొస్తుందని ఇన్నాళ్లూ అందరూ అనుకున్నది అక్కడ తలకిందులైంది. ఎదురింటి ఆవిడ చీటీలు చదివి, "పెద్ద ప్యాకెట్టే ఎక్కువ పడుతోందేమిటి బాబాయి గారూ?" అని అడిగి, చిన్న పొట్లాలు తొమ్మిది తీసుకుని వెళ్లింది. ఆమె అలా అడగడం చూసి నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. పాత రోజుల్లో బస్తా ముందు నిలబడి నిలదీసిన గొంతు మళ్లీ వినపడింది. మా వాడు మొదట భయపడ్డాడు, సరుకు కదలదేమో అని. చీటీలు పెట్టాక వ్యాపారం పడిపోలేదు. కిలో ఎంతో తెలిసి కొన్నవాళ్లు మళ్లీ మా కొట్టుకే వస్తున్నారు.

చిన్న కొట్టువాళ్లందరినీ ఈ పని చేయమని బలవంతపెట్టడం సరికాదు. ఒంటరిగా కొట్టు నడిపే మనిషి రోజూ చీటీలు మార్చలేడు. కానీ బార్‌కోడ్‌తో, కంప్యూటర్ బిల్లుతో నడిచే సూపర్ మార్కెట్లకు ఏమి కష్టం? వాళ్ల అరల అంచున ఇప్పటికే ధర చీటీలున్నాయి. అవి యంత్రంలో అచ్చయి వస్తున్నాయి. అందులో ఇంకొక్క వరుస చేర్చాలి, అంతే. బరువు, ధర రెండూ కంప్యూటర్‌లో ఉన్నవే, భాగహారం అదే చేసుకుంటుంది. నియమాలు చేసేది కేంద్రంలోని వినియోగదారుల వ్యవహారాల శాఖ. యూనిట్ ధర ఏ ప్యాకెట్‌కైనా కిలోకు లేదా లీటరుకే ఉండాలని, అమ్మే రాష్ట్రపు భాషలో సరుకు పేరు, బరువు, ధర, గడువు తేదీ తప్పనిసరి చేయాలని మన ఎంపీలు అక్కడ అడగాలి. అమలు చేసేవి రాష్ట్రాల తూనికలు, కొలతల శాఖలు. రెండు రాష్ట్రాల అధికారులూ పెద్ద దుకాణాల యాజమాన్యాలను పిలిచి, కిలో ధర చీటీ పెట్టమని ఒప్పించడానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రావలసిన అవసరం లేదు. కాటాలకు ముద్ర వేయడానికి వాళ్లు ఎటూ ఆ దుకాణాలకు వెళుతూనే ఉంటారు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. మార్కెట్ పేజీలో గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు, అనకాపల్లి బెల్లం క్వింటా ఎంత పలికిందో రోజూ వేస్తున్నారు. రైతుకు, వర్తకుడికి అది ఎంతో ఉపయోగం. పక్కనే కొనేవాళ్ల కోసం వారానికి ఒకసారి చిన్న పట్టిక వేయండి. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, చక్కెర, వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, టీ పొడి, గోధుమపిండి చాలు. ప్యాకెట్ ఏదైనా, కిలో ఎంత పడిందో అంతే రాయండి. నాలుగు ఊళ్ల నుంచి ధరలు తెప్పించుకుంటే పట్టిక నిండుతుంది. తాడేపల్లిగూడెం ధరలు ప్రతి శుక్రవారం బజారుకు వెళ్లి రాసుకుని, మీ విలేకరికి అందజేసే పని నేను చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక కిరాణా వర్తకుడు,
తాడేపల్లిగూడెం.